జీడి గోదాం కాటా మీద నా సంచి

జూన్ రెండో వారం. కొండ నడకకి సర్దిన సంచి 15.8 కిలోలు.

మా గోదాంలో జీడి పిక్కల బస్తా అంటే 80 కిలోలు. పలాస, కాశీబుగ్గల్లో ఎక్కడ అడిగినా లెక్క ఇదే. పద్దెనిమిదేళ్ళుగా ఆ లెక్కలు రాస్తున్నవాణ్ణి, కాటా మీద 15.8 చూసి ఇదీ ఒక బరువేనా అనుకున్నాను. సంచి తగిలించుకుని గోదాం చుట్టూ మూడు చుట్లు తిరిగేసరికి భుజాలు పీకేశాయి. బస్తాలు మోసే కళాసీలు పని ఆపి మరీ చూశారు.

అక్టోబరులో ఉత్తరాఖండ్ కొండల్లోని హర్ కీ దూన్ లోయకి వెళ్ళడానికి డబ్బు కట్టేశాను. నడక ఐదు రోజులు, గైడ్ ఉంటాడు. గుడారాలు, వంట సామాను కంచరగాడిదలు మోస్తాయి. మన సంచి మనమే మొయ్యాలి. ఇంకాస్త డబ్బు కడితే అదీ గాడిద మీద వేస్తారట గానీ వద్దన్నాను. మొయ్యడానికే కదా వెళ్ళేది. నాకు 43 ఏళ్ళు, బరువు 66 కిలోలు, ఇన్నాళ్ళూ చేసిన కసరత్తు క్యాష్ పుస్తకం బీరువాలోంచి బల్ల మీదికి తేవడం.

ఒంటి బరువులో ఐదో వంతు దాటకూడదంటారు. నాకు అది 13.2. నీళ్ళు కాకుండా 10 కిలోల్లోపు తేవాలని పెట్టుకున్నాను.

ఆ సాయంత్రమే పెద్ద కళాసీ నా సంచి ఒంటి చేత్తో పైకెత్తి ఊపి చూశాడు. ఆయన్ని అందరూ మావా అనే పిలుస్తాం. "ఏటి బాబూ ఇది, నిన్ను ఎనక్కి లాగేస్తంది. బరువు నడుం కింద ఏలాడితే ఎలగ? ఈపుకి అతుక్కోవాల, భుజాల మద్దిన ఉండాల" అని మొత్తం ఊడబీకించాడు. నేను బరువైనవన్నీ అడుగున కుక్కాను. మళ్ళీ సర్దాం: నిద్రసంచి అడుగున, తిండి, పవర్ బ్యాంక్, నీళ్ళ సీసా వీపుకి ఆనేట్టు మధ్యలో, తేలిక బట్టలు బయటివైపు. బరువు అదే 15.8, కానీ నాలుగో చుట్టు బాగా తేలిగ్గా నడిచాను. నడుంకి బిగించే పటకా చూసి మాత్రం మావ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఇది మాకూ ఉంటే బాగుణ్ణు" అన్నాడు. దాన్ని తుంటి ఎముక మీద బిగిస్తే బరువులో ఎక్కువ భాగం కాళ్ళ మీదికి దిగిపోతుంది, భుజం పట్టీలు సంచిని పడిపోకుండా పట్టుకుంటే చాలు. నేను అప్పటిదాకా దాన్ని పొట్ట మీద బిగించాను. అందుకే భుజాలు అంతలా నొప్పి పుట్టాయి.

జూలై. 13.1.

తీసేసినవి: జీన్స్ రెండు (1.4 కిలోలు, తడిస్తే ఇంకా ఎక్కువ, ఆరవు కూడా), స్టీలు ఫ్లాస్కు (700 గ్రాములు), మా ఆవిడ పెట్టిన దుప్పటి (900 గ్రాములు). దుప్పటి తీసినందుకు ఇంట్లో రెండు రోజులు గొడవ. కలిపినవి: మోకాళ్ళ కోసం నడక కర్రలు రెండు, రెయిన్ కవర్. ఆ కవర్ని ఎక్కువ నమ్మొద్దు. వీపు వైపు నుంచి నీళ్ళు దిగిపోతాయి. అందుకే గోదాంలో పప్పు ప్యాకింగుకి వాడే మందపాటి పాలిథిన్ గొట్టం ఒకటి తెచ్చి సంచి లోపల పరిచి, సామానంతా అందులో వేసి మూతి మెలితిప్పాను. ఇరవై రూపాయల పని.

పలాస చుట్టుపక్కల రోజూ ఎక్కడానికి వీలైన కొండ లేదు. స్టేషన్లో పాదచారుల వంతెన ఉంది. 10 రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టు రెండు గంటలు చెల్లుతుంది కాబట్టి ఉదయం 5 నుంచి 6:30 దాకా సంచితో ఎక్కి దిగడమే. మొదటి రోజు 12 సార్లు, నెలాఖరుకి 30. ఒకసారి రైల్వే పోలీసు సంచి విప్పించాడు. అందులో బియ్యం పొట్లాలూ, నిద్రసంచీ తప్ప ఏమీ లేకపోయేసరికి నన్ను అదోలా చూసి పంపేశాడు. ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్ళని తినేస్తోందని మూడో వారంలో తెలిసింది.

ఈ సంగతీ మావకే చెప్పాను. లారీకి వాల్చిన చెక్క మీంచి బస్తాతో ఎలా దిగుతారో చూపించాడు. మోకాళ్ళు ఎప్పుడూ కాస్త వంచే ఉంచాలి, అడుగు చిన్నదిగా వెయ్యాలి, మడమ మీద దబ్బున పడకూడదు, చూపు కాలి మీద కాకుండా రెండడుగుల అవతల ఉండాలి. వినడానికి ఏముంది, వంతెన మెట్ల మీద అది అలవాటు చేసుకోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది.

ఆగస్టు. 11.9.

ఆదివారాలు అక్కుపల్లి తీరాన ఇసకలో నడక, సంచితో 8 కిలోమీటర్లు. మడమలకి బొబ్బలు. తప్పంతా కాటన్ మేజోళ్ళది. ఉన్ని కలిసినవి రెండు జతలు కొన్నాను. బూట్లు మామూలు సైజుకన్నా ఒకటి పెద్దవి తీసుకోవాలని ఆలస్యంగా తెలిసింది. దిగుడులో వేళ్ళు ముందుకి జారి బూటు ముక్కుకి కొట్టుకుంటాయి. శ్రీకాకుళం వెళ్ళి మార్చుకొచ్చాను.

ఇది మా ఉద్దానం వాళ్ళకి ప్రత్యేకంగా రాస్తున్నాను. నడక బృందాల్లో చాలామంది కాళ్ళనొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ బిళ్ళలు వేరుశనగ గుళ్ళలా మింగేస్తుంటారు. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు ఆ బిళ్ళలు కిడ్నీలకి ప్రమాదం. కిడ్నీ జబ్బు మా ఊళ్ళలో ఇంటింటి కథ కాబట్టి వెళ్ళేముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకున్నాను, మామూలుగానే ఉంది. అయినా డాక్టరుగారు ఆ రకం బిళ్ళలు సంచిలోనే పెట్టుకోవద్దు, పారాసిటమాల్ చాలు అన్నారు. రోజుకి మూడు నాలుగు లీటర్లు తాగాలి, దాహం వేసేదాకా ఆగకూడదు. ఎత్తు ప్రదేశాల తలనొప్పికి వాడే డయామాక్స్ కూడా అడక్కుండా వేసుకోవద్దన్నారు. అది సల్ఫా జాతి మందు, అందరికీ పడదు.

సెప్టెంబరు. 11.2.

మహేంద్రగిరి. ఒడిశా గజపతి జిల్లాలోదే అయినా మందస పొలాల్లోంచి చూస్తే మన పెరటి కొండలాగే ఉంటుంది. 1,501 మీటర్లు. పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాత రాతి గుడులున్నాయి. కొండ కింది సవర ఊరి నుంచి ఒక పెద్దాయన దారి చూపించడానికి వచ్చారు. చేతిలో కత్తి, భుజాన తువ్వాలు, కాళ్ళకి చెప్పులు. మేం ముగ్గురం తలా ఒక సంచితో ఆయన వెనక రొప్పుతూ. నాలుగు గంటలు ఎక్కాక మబ్బు దిగింది, పది అడుగుల అవతల చెట్టు కనపడలేదు. "ఇంక సాలు, దిగిపోదాం" అన్నారు. శిఖరం చూడకుండానే తిరిగొచ్చాం. జెలగలు నాలుగు, ఉప్పు రాస్తే ఊడిపోయాయి. ఒకటి మాత్రం మేజోడు లోపల ఉండిపోయి ఇంటిదాకా వచ్చింది.

అక్టోబరు మొదటి వారం. 9.6. నీళ్ళతో 11.6.

తిండి ఒక కిలో: జీడిపప్పు, వేరుశనగ అచ్చులు, చోడిపిండి (రాగిపిండి) వేయించి బెల్లం కలిపింది. పప్పులో గుళ్ళు కొనలేదు, ముక్క తీసుకున్నాను. కొండెక్కేవాడికి గుండైతేనేం ముక్కైతేనేం, వంద గ్రాములకి 550 కేలరీలు ఎటూ వస్తాయి. మందస కోవా పావు కిలో కట్టించాను గానీ అది రాయగడ దాటలేదు.

మా ఆవిడకి అక్టోబరంటే భయం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా మీదే తీరం దాటింది. జీడితోటలూ కొబ్బరిచెట్లూ వేళ్ళతో లేచిపోయాయి. "ఏడాదిలో ఇంకో నెల దొరకలేదా" అంది. ఆ కొండల్లో వానలు వెనకబట్టి, మంచు ఇంకా పడని నెల ఇదేనని చెప్పాను. ఒప్పుకోలేదు, అలాగని ఆపలేదు. వాతావరణ శాఖ బులెటిన్ రోజూ ఉదయం చూసి, ఏడో రోజున విజయనగరంలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఢిల్లీ మీదుగా డెహ్రాడూన్, అక్కణ్ణుంచి జీపులో పది గంటలు. మలుపుల్లో ముగ్గురు వాంతి చేసుకున్నారు, అందులో నేనొకణ్ణి. నైట్వార్ దగ్గర అటవీశాఖ తనిఖీ. రూపిన్, సూపిన్ అనే రెండు ఏర్లు అక్కడ కలిసి టోన్స్ నది అవుతాయి. సాంక్రీ చేరేసరికి చీకటి. ఫోను సిగ్నల్ దాదాపు అక్కడితో సరి, కాబట్టి ఇంటికి చెప్పాల్సిందంతా ఆ రాత్రే చెప్పేశాను.

నడక 1. తాలుకా దాకా జీపు, ఆపైన సూపిన్ ఒడ్డున 13 కిలోమీటర్ల చిల్లర. దేవదారు చెట్లు, చెక్కతో కట్టిన ఇళ్ళు. గైడ్ గఢ్వాలీ కుర్రాడు, పాతికేళ్ళుంటాయేమో. మాటకి ముందొకటి వెనకొకటి "ఆరామ్ సే" (నిదానంగా) అంటాడు. మొదటి గంట అతని నడక చూస్తే చిరాకేసింది, మా ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు ఇంతకన్నా వేగంగా నడుస్తుంది. మధ్యాహ్నానికి మా గుంపులో పరుగెత్తిన ముగ్గురూ రాళ్ళ మీద చతికిలబడ్డారు. మాట్లాడుతూ నడవగలిగితే సరైన వేగం, ఊపిరాడక మాట ఆగితే ఎక్కువైనట్టు, ఇదీ అతని కొలత. ఎడమ మడమ దగ్గర వేడిగా అనిపించగానే ఆగి గుడ్డ టేపు వేశాను. బొబ్బ లేచాక వేస్తే ఉపయోగం లేదు.

నడక 2. ఓస్లా ఊరు ఎదుట లోయ దాటి, మెల్లగా ఎక్కుడు. దూరం తక్కువ, ఎత్తు ఎక్కువ. సాయంత్రానికి తల వెనక నొప్పి మొదలైంది. దాచిపెడదామనుకున్నాను, ఇంత డబ్బు కట్టి, ఇన్ని మెట్లెక్కి. రాత్రి అన్నం సహించకపోయేసరికి చెప్పేశాను. గైడ్ వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెట్టి, లీటరు వేణ్ణీళ్ళు తాగించి, చారు లాంటి పప్పునీళ్ళు పోసి, "పొద్దున్న చూద్దాం. నొప్పి అలాగే ఉంటే మీరు పైకి రారు, పెరిగితే ఇద్దరం కిందికి" అన్నాడు. బతిమాలడానికి చోటు ఇవ్వలేదు. మహేంద్రగిరి మీద తువ్వాలు పెద్దాయన కూడా ఇదే గొంతుతో "ఇంక సాలు" అన్నారు. గుడారంలో పడుకుని, నిజంగా దిగిపొమ్మంటే గోదాంలో ఏం చెప్పాలో వాక్యాలు కూర్చుకున్నాను. తెల్లారేసరికి నొప్పి పోయింది.

నడక 3. హర్ కీ దూన్, 3,566 మీటర్లు. ఎదురుగా స్వర్గారోహిణి శిఖరం. పాండవులు స్వర్గానికి ఈ దారినే వెళ్ళారంటారు. మహేంద్రగిరి మీదా వాళ్ళ గుడులే, ఇక్కడా వాళ్ళ కథే. ధర్మరాజు సంచి ఎన్ని కిలోలో ఎవరూ రాయలేదు. గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరి దాంట్లో మూడింట రెండు వంతులే. నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, అందుకే పప్పు ఉడకడానికి వంటాయన ప్రెషర్ కుక్కర్ మోయించుకొచ్చాడు. రాత్రి సీసాలో నీళ్ళు గడ్డకట్టాయి. ఫోను, పవర్ బ్యాంకు నిద్రసంచిలో పెట్టుకోకపోతే చలికి ఛార్జింగు దిగిపోతుంది, నా పక్కవాడిది పొద్దుటికి చచ్చిపోయింది. మర్నాటి మేజోళ్ళు కూడా లోపలే. గుడారం గుడ్డ కొంచెం తెరిచి ఉంచాలి, లేకపోతే మన ఊపిరే లోపల చినుకులై పడుతుంది. అద్దె నిద్రసంచి తీసుకునేవాళ్ళు ఊళ్ళోనే జిప్పు రెండువైపులా లాగి చూసుకోండి. నాది సగంలో పట్టేసింది, ఆ రాత్రంతా కుడి భుజం బయటే. మా ఆవిడ దుప్పటి గుర్తొచ్చింది.

నడక 4, 5. దిగుడే దిగుడు. వంచిన మోకాలు, చిన్న అడుగు, రెండడుగుల అవతల చూపు. మోకాళ్ళు నొప్పి పెట్టాయి గానీ వాయలేదు. బూటు సైజు మార్చుకున్నా కుడి బొటనవేలి గోరు నల్లబడింది, ముందు రోజు గోళ్ళు కత్తిరించుకోకపోవడం వల్ల. నా చెత్తంతా ఒక కవర్లో తెచ్చాను, 300 గ్రాములుంటుంది.

అక్టోబరు 24, గోదాం. 8.9.

తడి బట్టలతో తూచాను కాబట్టి కొంచెం అటూఇటూ. ఒక్కసారీ వాడనివి: మూడో చొక్కా, పుస్తకం, రెండో టార్చి, సబ్బు. అన్నీ కలిపి 1.1 కిలోలు. వచ్చేసారి సంచి 8.5తో బయల్దేరాలి. చోడిపిండి అరకిలో మిగిలింది, చలికి తియ్యటి పిండి సయించలేదు, ఉప్పుది చేసుకోవాల్సింది.

డిసెంబరులో మబ్బు లేనప్పుడు మహేంద్రగిరి మిగిలినదాన్ని పూర్తి చేద్దామని అదే పెద్దాయనకి కబురు పెట్టాను. మావ కూడా వస్తానన్నాడు. సంచి ఒకటి అరువు తెస్తానంటే నవ్వాడు.

"నాకెందుకు బాబూ, తువ్వాలు సాల్దా. ఆ పటకా మాత్రం తెండి."