మెడలో గడ్డ: ముందు ఒక గుక్క నీళ్లు

మెడలో గడ్డ కనపడితే మన కడప, అనంతపురం వైపు సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తారు. లేదంటే నేరుగా ల్యాబ్‌కు పోయి థైరాయిడ్ టెస్టు చేయిస్తారు. రెండింటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది.

వెలుతురు పక్కనుంచి పడేలా అద్దం ముందు కూర్చోండి. గొలుసులు తీసేసి, గడ్డం కాస్త పైకెత్తి, గుక్క నీళ్లు మింగుతూ గొంతుముడి కింది భాగం చూడండి. ఉబ్బు పైకి లేచి దిగితే అది చాలావరకు థైరాయిడ్‌దే. ఆ గ్రంథి శ్వాసనాళాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది కాబట్టి గొంతుతోపాటే కదులుతుంది. నాలుక చాపినా పైకి పోయే నడిమి గడ్డయితే పుట్టుకతో వచ్చిన నీటితిత్తి కావచ్చు.

థైరాయిడ్ టెస్టులో టీఎస్‌హెచ్ నార్మల్ వచ్చిందని గడ్డను వదిలేయడమే పెద్ద పొరపాటు. ఆ పరీక్ష గ్రంథి పనితీరును చెబుతుందే గానీ గడ్డ ఎలాంటిదో చెప్పదు. దానికి స్కానింగు, అవసరమైతే సూది పరీక్ష కావాలి. థైరాయిడ్ గడ్డల్లో చాలావరకు క్యాన్సర్ కావు. గొంతు బొంగురుపోయినా, గడ్డ వారాల్లోనే పెరిగినా ఆగొద్దు.

మింగినా కదలకుండా మెడ పక్కల, దవడ కింద తగిలేవి ఎక్కువగా లింఫ్ బిళ్లలు. పిల్లల్లో తల పుండ్లకు, పేలకు మెడ వెనక, పుచ్చుపన్నుకు దవడ కింద బిళ్ల కడుతుంది. అసలు కారణం తగ్గితే అదీ తగ్గుతుంది. మూడు వారాలు దాటినా సెంటీమీటరు పైన ఉండి, ఒకదానికొకటి అతుక్కుంటే టీబీని అనుమానించాలి. పెద్దలు గండమాల అనేది దీన్నే. దగ్గు ఉండకపోవచ్చు, నొప్పీ వేడీ సాధారణంగా ఉండవు. దీన్ని మామూలు చీముగడ్డ అనుకుని కోయించుకుంటే రంధ్రం పడి నెలలపాటు కారొచ్చు. సూదితో తీసిన చీమును టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకు పంపాలి. టీబీ అని తేలితే మందులు సాధారణంగా 6 నెలలు. కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా, కడప రిమ్స్‌లోనైనా అవి ఉచితమే.

గుట్కా నమిలేవాళ్లకు రాయిలాంటి నొప్పిలేని బిళ్ల వస్తే, నోటి క్యాన్సర్ ఉందేమోనని ముందు నోరు చూపించాలి. కాలర్ ఎముక పైన తగిలే బిళ్లకు సైజుతో పనిలేదు, ఎంత చిన్నదైనా ఆ వారమే చూపించాలి.

మెడ వెనక మందంగా, మఖమల్‌లా నల్లబడటం వేరే సంగతి. నలుగుపెట్టి ఎంత రుద్దినా పోదు. బరువు, షుగర్ చూసుకోండి.