తాత ఫార్వర్డులు, మనవరాలి వీడియోలు

ఇండియాలో పెద్దవాళ్లు వాట్సాప్ చూసి చెడిపోతున్నారని ఇక్కడ మన ప్రవాసుల పార్టీల్లో నవ్వుకోవడం మామూలైపోయింది. నాకు ఆ నవ్వు నచ్చదు. పక్కన కూర్చుని వింటున్న పిల్లలు, మోసపోయేది అక్కడి ముసలివాళ్లే, మనం కాదు అని నేర్చుకుంటున్నారు.

మేముండేది న్యూజెర్సీలో. ఏ సమాచారాన్ని ఎంతవరకు నమ్మాలో కేజీ నుంచి పన్నెండో తరగతి దాకా బడుల్లో నేర్పాలని ఇక్కడ 2023 జనవరిలో చట్టం చేశారు. మంచిదే. మా పెద్దది ఎనిమిదో తరగతి, క్లాసులో నేర్చుకున్నదంతా ముందు హన్మకొండలో ఉన్న మా బాపు మీదే ప్రయోగించింది. ఆయన ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో పెట్టాడు, ఒక వర్గం వాళ్ల మీద రక్తం మరిగేలా చేసేది. మా పెద్దది వీడియో కాల్‌లో, "తాతా, దానిమీద రెండు బాణాల గుర్తు చూడు, ఎన్నో చేతులు మారి వచ్చినవాటికే ఆ గుర్తు పెడతారు, జాగ్రత్తగా ఉండమని" అంది. బాపు అద్దాలు సవరించుకుని చూసి, "గంత మంది పంపిన్రంటే నిజమే అయుంటది గద బిడ్డా" అన్నాడు.

హెచ్చరికగా పెట్టిన గుర్తే ఆయనకు సాక్ష్యమైపోయింది. అలాంటి మెసేజ్‌లు ఒకసారికి ఒక్కరికే పంపగలిగేలా 2020లో వాట్సాప్ వాళ్లు కట్టడి పెట్టారు కూడా, కానీ రిటైరైన మనిషికి ఒక్కొక్కరికీ విడివిడిగా పంపే ఓపికకు కొదవేముంది! ఇది బాపు చదువు తక్కువై కాదు. ఒకే మాట మళ్లీ మళ్లీ చెవినపడితే, అబద్ధమైనా సరే, నిజంలా అనిపించడం మొదలవుతుందని అమెరికాలో 1977లోనే కాలేజీ విద్యార్థుల మీద పరీక్ష పెట్టి చూపించారు. పైగా బాపుకు అది పంపింది కలిసి ఉద్యోగం చేసిన సోపతిగాడు. "వాడు నాకెందుకు అబద్ధం చెప్తడు?" అంటాడు. నిజమే, ఆయన చెప్పడు, ఆయనకూ ఇంకో సోపతిగాడే పంపాడు.

పోయిన సెలవుల్లో హన్మకొండ వెళ్లినప్పుడు పెద్దది మంచం మీద పడుకుని చిన్న వీడియోలు తిప్పుతుంటే బాపు పక్కన చేరాడు. ఎవరో కుర్రాడు అమెరికా రాజకీయాల మీద ఊగిపోతూ మాట్లాడుతున్నాడు.

"ఇది నీకెవరు పంపిన్రు?"

"ఎవరూ పంపలేదు తాతా, అదే వచ్చింది."

"పంపినోడే లేకుండ ఎట్లొస్తది?"

దీని దగ్గర జవాబు లేదు. బాపు వీడియో వెనక కనీసం పేరున్న మనిషి ఉన్నాడు, కావాలంటే ఫోన్ చేసి తిట్టొచ్చు. దీనికి వచ్చేవాటి వెనక, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగిందో లెక్కపెట్టుకుని అలాంటిదే ఇంకోటి ముందు పెట్టే మిషన్ ఉంది. మిషన్‌ను ఎవరు తిడతారు?

అసలు చిక్కు అబద్ధాలతో కూడా కాదు. ఆ సెలవుల్లోనే పిల్లలకు పరకాల అమరధామం చూపించాం. 1947 సెప్టెంబర్ 2న పరకాలలో జెండా ఎగరేయబోయిన జనం మీద నిజాం బలగాలు జరిపిన కాల్పుల గురించి బాపు చెబుతుంటే పెద్దది ఏడ్చేసింది. ఏడవాల్సిందే. మరుసటి ఏడాది సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు, పోలీసు చర్య పేరుతో భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చిన ఆ సమయంలో, తర్వాత ముస్లింల మీద జరిగిన హత్యలను విచారించడానికి నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. రెండూ జరిగినవే. పరకాల ఒక్కటే చెప్పేవాడిదీ అబద్ధం కాదు, సుందర్‌లాల్ ఒక్కటే చెప్పేవాడిదీ అబద్ధం కాదు, అందుకే వీళ్లిద్దరూ ఏ ఫ్యాక్ట్ చెక్‌కీ దొరకరు. అదే సెప్టెంబర్ 17ను కేంద్రం విమోచన దినం అంటుంది, 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది, ఇప్పటి ప్రభుత్వం 2024లో ప్రజాపాలన దినం చేసింది. ఎవరికి కావాల్సిన ముక్క వాళ్లు కోసుకున్నారు.

ఇదంతా విని నా బిడ్డ నన్నే అడిగింది, మరి మీ తెలంగాణ ఉద్యమం ధూంధాం పాటలు ప్రచారం కాదా అమ్మా అని. ప్రచారమే. తెలంగాణ కావాలని నాకు లెక్కలకంటే ముందు పాటలే చెప్పాయి, దానికి నేనేం బాధపడను. కాకపోతే స్టేజీ మీద పాడేది ఎవరో, ఎందుకు పాడుతున్నారో వింటున్న అందరికీ తెలుసు. నీళ్లు, ఉద్యోగాల లెక్కలు జయశంకర్ సార్ లాంటివాళ్లు బహిరంగంగా ముందు పెట్టారు, కాదన్నవాళ్లు ఎదురు వాదించారు కూడా. నా దృష్టిలో తేడా అక్కడుంది. అది ఒప్పుకుందో లేదో నాకు తెలియదు, తలైతే ఊపింది.

ఇప్పుడు బాపు ఏదైనా పెడితే నా బిడ్డ నిజమా కాదా దగ్గరే ఆగట్లేదు. ఇది చూసి మనకు ఎవరి మీద కోపం రావాలి తాతా, ఇందులో చెప్పకుండా వదిలేసింది ఏంటి అని అడుగుతోంది. మొదట్లో ఆయనకు చిరాకేసింది, రెండు వారాలు గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు తప్ప ఏమీ పెట్టలేదు. ఈమధ్య మళ్లీ మొదలుపెట్టి, "నీకొచ్చేటియి గూడ పంపు మరి, నేను గూడ అడుగుత" అంటున్నాడు. పంపుతానంటుంది కానీ ఇంతవరకు ఒక్కటీ పంపలేదు.