చెవి పరీక్ష

ఉదయం నాన్నని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. గోడలకు ఫోమ్ అతికించిన చిన్న గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి ఒక బటన్ ఇచ్చారు. శబ్దం వినపడితే నొక్కాలి. అద్దంలోంచి చూస్తున్నాను. వాన కోసం మబ్బుల్ని చూసే మొహం పెట్టుకుని కూర్చున్నాడు నాన్న. చాలాసేపు నొక్కనే లేదు.

పరీక్ష అయ్యాక అడిగి నేనూ ఆ గదిలో ఒక్క నిమిషం కూర్చున్నాను. తలుపు పడగానే గుటక చప్పుడు, చెవుల్లో సన్నటి రొద. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ గుర్తొచ్చాడు. 1951లో హార్వర్డ్‌లో, ప్రతిధ్వని పుట్టని గదిలోకి వెళ్ళి ఆయన రెండు ధ్వనులు విన్నాడు, ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా. మొదటిది మీ నాడులది, రెండోది మీ రక్త ప్రసరణది అన్నాడట అక్కడి ఇంజనీరు. పూర్తి నిశ్శబ్దం అనేది ఎక్కడా లేదని కేజ్‌కి అక్కడే రూఢి అయింది.

1952 ఆగస్టు 29న న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ దగ్గర కచేరీలో పియానిస్టు డేవిడ్ ట్యూడర్ పియానో మూత మూసి, 4 నిమిషాల 33 సెకన్లు ఒక్క స్వరమూ వాయించకుండా కూర్చున్నాడు. కేజ్ రాసిన సంగీతమే అది. మూడు భాగాలు. మొదట బయట గాలి, తర్వాత కప్పు మీద చినుకులు, ఆఖర్న జనం గొణుగుడు, లేచి వెళ్ళిపోయే అడుగులు. ఆ రచన అంటే నాకు ప్రాణం. కానీ ఇన్నేళ్ళూ అందులో వినేవాడి చెవి గురించి ఆలోచించలేదు. నాన్నకి సన్నని శబ్దాలు పోయాయట. వయసుతో ముందు పోయేవి అవేనట. పిచ్చుకలు ఊళ్ళోంచే వెళ్ళిపోయాయని రెండేళ్ళుగా అంటున్నాడు. మా పెరట్లో రోజూ ఉంటాయవి.

సాయంత్రం మెట్ల మీద కూర్చున్నాం. "ఊరికే విందాం నాన్నా, తర్వాత చెప్పుకుందాం" అని ఫోన్లో 4 నిమిషాల 33 సెకన్లు పెట్టాను. పిచ్చుకలు, ఎవరింట్లోనో గిన్నెలు, దూరంగా ఐస్ బండి గంట. అన్నీ మనసులో రాసుకున్నాను.

"నీకేం వినపడింది?"

"పక్కింటి బోరు గాలి లాగుతోందమ్మా. మధ్యలో గొంతు మారింది, వినలేదూ? నీళ్ళు అందట్లేదు. మోటారు కాలిపోతుంది."

నాకు మోటారు నడుస్తున్నట్టే తెలీదు. లేచి వెళ్ళి పక్కింటి తలుపు కొట్టాను.