నార్ఫోక్ పొలాల్లో చెవులతో లెక్క

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో పక్షుల్ని లెక్కపెట్టడానికి నాకు వచ్చిన చోటు చూసి ముందు మనసు చివుక్కుమంది. ఇక్కడి క్లే ఊరి దగ్గర ఉన్నట్టు సముద్రపు ఒడ్డు చిత్తడి నేలలు దొరుకుతాయని ఆశపడ్డాను. వచ్చింది గోధుమ, షుగర్ బీట్ పొలాల మధ్య ఒక చదరపు కిలోమీటరు. గూళ్లు కట్టే కాలంలో పక్షుల్ని లెక్కపెట్టే ఈ బ్రీడింగ్ బర్డ్ సర్వేలో చోటు మనం ఎంచుకోం, లాటరీ తీసినట్టు వస్తుంది. పక్షులు బాగా ఉన్నచోటే అందరూ లెక్కపెడితే దేశం మొత్తం మీద తగ్గిందేమిటో ఎలా తెలుస్తుంది? 1994 నుంచీ ఇదే పద్ధతి.

చేయాల్సింది ఇదీ: కిలోమీటరు చొప్పున రెండు దారులు, ఒక్కోదాన్నీ 200 మీటర్ల ముక్కలుగా నడవాలి. కనబడిన, వినబడిన ప్రతి పక్షీ 25 మీటర్లలోపా, 100 లోపా, ఆపైనా అని రాసుకోవాలి. వసంతంలో ఒకసారి, కనీసం నాలుగు వారాలు ఆగి జూన్ ఆఖరులోపు ఇంకోసారి. పొలంలో నడవొచ్చా అని రైతుని అడిగితే వెంటనే సరేనన్నారు.

కష్టమంతా చెవిదే. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువులో గూడబాతుల్ని చూస్తూ పెరిగినవాణ్ణి, నాకు పక్షి అంటే కంటికి ఆనేది. ఇక్కడ సగం పైగా కంచెల్లోంచి గొంతే తప్ప పిట్ట కనిపించదు. అందుకే ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాను. అప్పుడు పాడేవి కొన్నే: రాబిన్, రెన్, గ్రేట్ టిట్. మార్చిలో తన పేరు తానే పలికే చిఫ్‌చాఫ్ వచ్చింది, ఏప్రిల్‌లో బ్లాక్‌క్యాప్, వైట్‌త్రోట్. వలస వచ్చినవాళ్లని వచ్చినట్టే ఒక్కొక్కరిగా పరిచయం చేసుకున్నాను. ఆకులు ముసిరాక మొదలుపెట్టి ఉంటే అన్ని గొంతులూ ఒకేసారి మీదపడేవి.

ఏప్రిల్ ఆఖర్లో, ఉదయం ఆరున్నరకి మొదటి నడక. గోధుమ చేను మీద స్కైలార్కులు, మన భరతపక్షులు, ఆకాశంలో చుక్కల్లా నిలబడి ఆపకుండా పాడుతున్నాయి. జూన్‌లో వెళ్తే అటువైపు ఒక్కటే. చలికాలానికి ముందే విత్తిన గోధుమ అప్పటికి తొడల దాకా ఎదిగి దట్టంగా ఉంది, రెండో గూడుకి నేల మీద చోటేదీ? వసంతంలో విత్తిన బీట్ వైపు మాత్రం ఇంకా పాడుతూనే ఉన్నాయి. ఈ పిట్టలు దేశమంతా ఎందుకు తగ్గాయో చదివాను గానీ, ఒకే గట్టు మీద నిలబడి రెండు వైపులా విన్నాక గుండె పట్టేసింది.

లెక్కలు పంపాక రైతుకీ చెప్పాను. చేలో అక్కడక్కడ నాలుగు మీటర్ల మేర విత్తకుండా వదిలితే భరతపక్షులు దిగుతాయన్నాను. హెక్టారుకి ఎన్ని వదలాలని అడిగారు. రెండు చాలన్నాను. అక్టోబరులో విత్తేటప్పుడు గుర్తుచేయమన్నారు.