అమ్మా అని పిలవకుండానే

చిత్తూరులో మా తాత బీరువా సర్దుతుంటే అట్ట ఊడిపోయిన పాత ఇంగ్లీషు నవల ఒకటి దొరికింది, పేరు ఈస్ట్ లిన్. ఎలెన్ వుడ్ రాసింది, 1861లో పుస్తకంగా వచ్చింది. ఒకప్పుడు ఇంగ్లండును ఊపేసిన నవల, ఇప్పుడు మా ఇంట్లో దాని పేరు విన్నవాళ్లే లేరు. రెండు రాత్రుల్లో చదివేశాను.

భర్తనీ పిల్లల్నీ వదిలి వెళ్లిపోయిన ఇసబెల్, రైలు ప్రమాదంలో మొహం గుర్తుపట్టలేనంతగా మారిపోయాక, రంగు కళ్లద్దాలు పెట్టుకుని సొంత పిల్లలకే పంతులమ్మగా అదే ఇంటికి తిరిగొస్తుంది. కొడుకు విలియం క్షయతో ఆమె కళ్ల ముందే పోతాడు, ఆమె తల్లి అని తెలియకుండానే. అక్కడ పుస్తకం మూసి కాసేపు వరండాలో కూర్చున్నాను.

దీన్ని నాటకంగా ఎన్నోసార్లు ఆడారు. కొడుకు ఒక్కసారైనా అమ్మా అనకుండానే పోయాడే అని ఆమె ఏడ్చే మాట చాలా ప్రసిద్ధి, కానీ అది నవలలో లేదు, నాటకం వాళ్లు చేర్చింది! నాకైతే ఆ చేర్పే నచ్చింది. ఇలా గుండె పిండే నాటకాల్ని మెలోడ్రామా అంటారు, వాటిలో మాటల వెనక వాద్యాలు మోగుతూ ఉండేవి, అసలు ఆ పేరులోనే గ్రీకు 'మెలోస్', అంటే పాట, ఉంది.

మా వైపు ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం ఆడేటప్పుడు ఇదే కదా జరిగేది. అభిమన్యుడు పడిపోయాక హార్మోనియం ఒక్క స్వరం మీద ఆగిపోయేది, పక్కన మా అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేది. కథ తనకు కంఠతా వచ్చు, అయినా ప్రతి ఏడూ ఏడ్చేది.