ధ్రువ్‌కు అనుమతి

2 మే 2025, శుక్రవారం

పేపరు లోపలి పేజీలో అడుగున చిన్న వార్త. సైన్యం, వైమానిక దళం దగ్గరున్న ధ్రువ్ హెలికాప్టర్లు తిరిగి ఎగరవచ్చని నిన్న అనుమతి ఇచ్చారట. జనవరి 5న పోరుబందర్ విమానాశ్రయంలో కోస్ట్ గార్డ్ ధ్రువ్ కూలి ముగ్గురు చనిపోయారు. అప్పటినుంచి అన్ని దళాలవీ కలిపి మూడు వందలకు పైగా యంత్రాలు నేలమీదే ఉన్నాయి. దాదాపు నాలుగు నెలలు. మొదటి పేజీ అంతా పహల్గామ్ వార్తలే కాబట్టి దీనికి ఆ మాత్రం చోటు దొరకడమే ఎక్కువ.

పక్కింటి మాస్టారు కూడా చదివినట్టున్నారు. గేటు తీస్తూనే "మీ హెలికాప్టర్లు మళ్ళీ లేస్తాయటగా?" అన్నారు. నేను ధ్రువ్ మీద ఒక్క రోజు కూడా పనిచేయలేదు, నా సర్వీసంతా చేతక్ అనే పాత రకం హెలికాప్టర్ల దగ్గరే గడిచింది. ఎన్నిసార్లు చెప్పినా ఆయన లెక్కలో రెక్కలు తిరిగే ప్రతి యంత్రమూ నాదే.

"పాడైన ముక్క మార్చేస్తే పోయేదానికి నాలుగు నెలలు ఎందుకండీ?" అని ఆయన సందేహం. ఇది చాలామంది అడిగే ప్రశ్నే. చెబితే అర్థం కాదని, వంటింట్లోంచి రెండు స్టీలు పళ్ళాలు తెచ్చాను. మా ఆవిడ ఒక చూపు చూసి ఊరుకుంది.

కింది పళ్ళెం తిరగదు. పైలట్ చేతిలోని కర్ర కదిలితే రాడ్లు, నూనె ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ జాకీలు ఆ పళ్ళేన్ని పైకీ కిందికీ జరుపుతాయి, కావలసిన పక్కకు వంచుతాయి. పై పళ్ళెం రెక్కలతోపాటు గిర్రున తిరుగుతూనే, కిందిది ఎటు వంగితే తానూ అటే వంగుతుంది. రెండిటికీ మధ్య బేరింగు. పైదాని నుంచి ఒక్కో రెక్కకు ఒక్కో లింకు వెళ్ళి రెక్క కోణాన్ని మారుస్తుంది. ముందుకు పోవడం, గాలిలో నిలబడడం, దిగడం అన్నీ ఈ జంట చెప్పుచేతల్లోనే ఉంటాయి. దీన్నే స్వాష్ ప్లేటు అంటారు. పోరుబందర్‌లో విరిగింది ఇదేనని ప్రాథమిక పరిశీలనలో తేలింది.

ధ్రువ్‌కు ఇంజిన్లు రెండు. ఒకటి ఆగితే రెండోది మోస్తుంది. రెండూ ఆగినా, కిందినుంచి కొట్టే గాలికి రెక్కలు తిరుగుతుండగానే ఒడుపుగా దించేయవచ్చు. ఆ శిక్షణ ప్రతి హెలికాప్టరు పైలట్‌కూ ఉంటుంది. హైడ్రాలిక్ వ్యవస్థ కూడా జంటగానే ఉంటుంది. స్వాష్ ప్లేటు మాత్రం ఒక్కటే. అది విరిగితే పైలట్ ఎంత మంచివాడైనా చేయగలిగింది ఏమీ లేదు. కర్ర చేతిలో ఉంటుంది, రెక్కలు మాట వినవు. మాస్టారు పళ్ళాలను తన చేతిలోకి తీసుకుని ఒకసారి అటూ ఇటూ వంచి చూశారు. ముక్క మార్చే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఎందుకు విరిగిందో తెలియకుండా కొత్తది బిగిస్తే, విరిగినదాని కవలనే బిగించినట్టు. అదే లోహం, అదే కొలత, అదే బరువు. 2023 మార్చిలో ముంబయి తీరంలో నేవీ ధ్రువ్ నీళ్ళలో దిగాల్సి వచ్చినప్పుడు కూడా అన్నిటినీ ఆపారు. ఆ ఏడాది పైలట్ కదలికను రెక్కలకు చేర్చే కంట్రోల్ రాడ్లు మార్చారు. మళ్ళీ ఇప్పుడు వేరే భాగం. రెండుసార్లూ సమస్య పైలట్ చేతికీ రెక్కకూ మధ్యనే వచ్చిందన్నది నన్ను తొలుస్తున్న విషయం.

మా యూనిట్‌లోనూ ఒకసారి అన్నిటినీ ఆపారు. ఇంకెక్కడో ఒక యంత్రంలో ఒక భాగం బీటలిచ్చిందని కబురు వచ్చింది. మేము ఒక్కొక్కదాన్నీ విప్పి, ఆ భాగాన్ని శుభ్రం చేసి, ఎర్ర ద్రవం పూసి, కాసేపు ఆగి తుడిచి, పైన డెవలపర్ అనే తెల్లటి పొడి చల్లుతూ పోయాం. బీట లేకపోతే తెల్లగానే ఉంటుంది. ఉంటే లోపల ఇంకిన ఎరుపు మెల్లగా పైకి ఊరుతుంది. ఒకదాని మీద బోల్టు రంధ్రం అంచున, గోరు పొడవైనా లేని సన్నటి ఎర్ర గీత వచ్చింది. వేలితో తడిమితే తగలదు. టార్చి వేసి చూసినా కంటికి ఆనదు. ఆ యంత్రం ముందురోజే ఎగిరి వచ్చింది, ఫారంలో ఒక్క స్నాగ్ (లోపం) కూడా రాసి లేదు.

అందుకే ఆపడం గురించి నాకు పెద్ద సందేహాలు ఉండవు. వదిలేటప్పుడే భయం. 2023 నవంబరులో జపాన్‌లోని యకుషిమా ద్వీపం దగ్గర అమెరికా ఆస్ప్రే కూలి ఎనిమిది మంది పోయారు. అది సగం విమానం, సగం హెలికాప్టరు. గేరుబాక్సు నూనెలో అయస్కాంతపు ప్లగ్గు ఒకటి ఉంటుంది, లోహపు రజను అంటుకుంటే కాక్‌పిట్‌లో హెచ్చరిక వస్తుంది. ఆ రోజు పదే పదే వచ్చింది. తరువాత ఆస్ప్రేలన్నిటినీ ఆపి, 2024 మార్చిలో వదిలారు. మెరుగైన లోహంతో చేసే గేర్లు అప్పటికి అందనేలేదు. దిగడానికి వీలైన చోటికి 30 నిమిషాల దూరం దాటి పోవద్దని షరతు పెట్టి ఎగరనిచ్చారు. షరతు మీద వదలడం తప్పని నేను అనను. ఆ షరతు ఏమిటో, ఎందుకో ఎక్కేవాళ్ళకు తెలిస్తే చాలు.

ధ్రువ్ విషయంలో దాన్ని తయారుచేసే హిందుస్తాన్ ఏరోనాటిక్స్ ప్రకటన పొడిపొడిగా ఉంది. సరిహద్దులో పరిస్థితి చూస్తే ఈ వారమే అనుమతి రావడం కాకతాళీయమని నమ్మడం కష్టం. అలాగని తొందరపడ్డారని చెప్పడానికి నా దగ్గర ఆధారమూ లేదు. ఈ నాలుగు నెలల్లో పైలట్లకు సిమ్యులేటరే దిక్కయింది, చేతికి పట్టు తిరిగి రావడానికి వాళ్ళకూ కొంత కాలం పడుతుంది. దాని గురించి ఎవరూ రాయరు.

మాస్టారు వెళ్ళబోతూ "మీరైతే ఎక్కుతారా?" అన్నారు. ఆ స్వాష్ ప్లేటు ఎప్పుడు మార్చారో, ఎన్ని గంటలు నడిచిందో, ఎవరి సంతకం ఉందో చూపిస్తే ఎక్కుతానన్నాను. "అంటే ఎక్కరన్నమాట" అని ఆయన నవ్వారు. కాదు, నిజంగానే ఎక్కుతాను.

వార్త చివరి వాక్యం ఆయన చదివినట్టు లేదు. నేవీ, కోస్ట్ గార్డ్ ధ్రువ్‌లకు ఇంకా అనుమతి లేదు. సముద్రంలో ఎవరికి ఆపద వచ్చినా ఎవరో ఒకరు ఎగరక తప్పదు. ఆ బరువు ఇప్పుడు మా చేతక్‌ల మీద కూడా పడుతుంది. 1960ల నుంచి మన దగ్గర ఎగురుతున్న పాత యంత్రం, ఒక్కటే ఇంజిన్, కింద నీళ్ళు. నాలుగు నెలలుగా ఆ పని చేస్తున్నవాళ్ళ గురించి ఏ పేపర్లోనూ ఒక్క ముక్క కనిపించలేదు.