మేనమామతో పెళ్లా? తౌబా తౌబా!

సౌదీలోని దమ్మాంలో ఒక ఆసుపత్రి ల్యాబులో నాలుగేళ్లు పనిచేశాను. నాతో పాటు పెషావర్ కుర్రాడొకడు ఉండేవాడు. ఒకరోజు టీ తాగుతూ తన పెళ్లి కుదిరిందన్నాడు, అమ్మాయి ఎవరంటే సొంత చిన్నాన్న కూతురు. మనకి చిన్నాన్న కూతురంటే చెల్లెలే కదా, నా మొహం ఏదోలా అయిపోయినట్టుంది, పసిగట్టేశాడు. "మరి మీలో?" అన్నాడు. మా అమ్మ మా నాన్నకి సొంత అక్క కూతురు అని చెప్పా. కప్పు నోటిదాకా వెళ్లి ఆగిపోయింది. "తౌబా తౌబా, మేనమామతోనా!"

వాళ్ల ఖురాన్‌లో నాలుగో సూరా (అధ్యాయం), 23వ ఆయతులో (వాక్యంలో) ఎవరెవర్ని చేసుకోకూడదో వరసగా ఉంటుంది. అక్కచెల్లెళ్ల కూతుళ్లు అందులో ఉన్నారు, చిన్నాన్న, మేనత్త పిల్లలు లేరు. పోనీ లెక్క చూసినా, చిన్నాన్న పిల్లల మధ్య కలిసే జన్యువులు ఎనిమిదో వంతైతే మేనమామ మేనకోడళ్ల మధ్య నాలుగో వంతు. అంటే రిస్క్ మా ఇంట్లోనే ఎక్కువ! "వాళ్లలో దగ్గర పెళ్లిళ్లు, అందుకే పిల్లలకి జబ్బులు" అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే మా బంధువుల్లో సగం మంది మేనరికాలే, చదివి నవ్వుకుంటాను.

అలాగని జబ్బుల మాట అబద్ధం కాదు. తలసేమియా, సికిల్ సెల్ లాంటి రక్తపు జబ్బులు అమ్మానాన్నలిద్దరూ క్యారియర్లయితేనే, అంటే తమకి జబ్బు లేకపోయినా దాని జన్యువు మోసేవాళ్లయితేనే బిడ్డకి వస్తాయి, ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డకి వచ్చేసింది కదా, ఇక తర్వాత ముగ్గురికీ రాదనుకుంటారు చాలామంది, అది కాదు, ప్రతిసారీ పాచిక కొత్తగా పడ్డట్టే. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫోర్డ్‌లో పాకిస్తానీ కుటుంబాలు ఎక్కువ, అక్కడి శిశువుల మీద 2013లో వచ్చిన పెద్ద అధ్యయనం ప్రకారం పుట్టుకతో లోపాలుండే అవకాశం మామూలుగా 3 శాతమైతే దగ్గరి పెళ్లిళ్లలో 6 శాతం. రెట్టింపే, కానీ నూటికి 94 మంది మామూలుగానే పుడుతున్నారు. అందుకే మా తాత "మాకేమైంది, బాగానే ఉన్నాం కదా" అంటే ఎదురు చెప్పడం కష్టం.

సౌదీలో 2004 నుంచి నికాకి ముందు ఈ రెండు జబ్బులకీ రక్తపరీక్ష తప్పనిసరి. ఒకే ఇంటిపేరుతో పక్కపక్కన రెండు ట్యూబులు వచ్చేవి, చూడగానే తెలిసిపోయేది అన్నదమ్ముల పిల్లలని. మెషిన్ గ్రాఫులో ఇద్దరికీ ఎస్ దగ్గర (అంటే సికిల్ సెల్ గుర్తు దగ్గర) గీత లేస్తే మా సీనియర్ ఏం మాట్లాడకుండా మళ్లీ రన్ చేసేవాడు. పరీక్ష తప్పనిసరే గానీ, ఫలితం చూశాక చేసుకోవాలా మానాలా అన్నది వాళ్లిష్టం. మొదటి ఏడాది ఇలాంటి జంటల్లో నూటికి తొమ్మిది మందే సంబంధం వదులుకున్నారు, 2009కి సగానికి పైగా. ఇంకో సంగతి, సౌదీ తూర్పున కతీఫ్, అల్ అహ్సా వైపు ఒకప్పుడు మలేరియా బాగా ఉండేది, క్యారియర్లని మలేరియా అంతగా దెబ్బతీయదు కాబట్టి అక్కడ వాళ్లెక్కువ, బయటి పిల్లని చేసుకున్నా ఆ ఊళ్లలో గండం పూర్తిగా తప్పదు.

ఇక జననాల రేటు. దగ్గర పెళ్లిళ్లుంటే పిల్లలు ఎక్కువే అంటారు, ఇరాన్ సంగతి చూడండి. 1980ల మొదట్లో ఒక్కో స్త్రీకి ఆరుగురికి పైగా ఉన్న సంఖ్య ఇరవయ్యేళ్లలో రెండుకి పడిపోయింది, అయినా ప్రతి పది పెళ్లిళ్లలో మూడు నాలుగు చుట్టాల మధ్యే. వాళ్లూ 1997 నుంచి తలసేమియా పరీక్ష పెట్టారు, 2005లో కడుపులో బిడ్డకి జబ్బుందని తేలితే తీయించుకునే చట్టం కూడా తెచ్చారు. ఎనిమిది మంది పిల్లలున్న ఇంట్లో ఒక బిడ్డ పోతే దేవుడి ఇష్టమని సర్దుకునేవాళ్లు, ఇద్దరే అయ్యాక ఒకళ్లకి నెలనెలా రక్తం ఎక్కించాలంటే ఇల్లంతా దాని చుట్టూనే. పైగా పిల్లలు తగ్గితే ఇచ్చిపుచ్చుకోవడానికి మేనబావలూ మరదళ్లూ తగ్గుతారు, ఏ చట్టం చేయకుండానే.

పోయిన నెల మా అక్క ఫోన్ చేసి, వాళ్లబ్బాయికి మా అన్న కూతుర్ని అనుకుంటున్నామంది. సంతోషమే, ఇద్దరికీ ఒకసారి రక్తపరీక్ష చేయించండి, దాంతో అన్ని జబ్బులూ తెలియవు గానీ కొన్నైనా తెలుస్తాయి అన్నాను. "శుభమా అని చెప్తుంటే రక్తాలూ రోగాలూ ఏంట్రా" అని పెట్టేసింది. మళ్లీ చేద్దామంటే ఎత్తట్లేదు. పిల్లాడు మాత్రం ఏ ల్యాబుకి వెళ్లాలి మావయ్యా అని మెసేజ్ పెట్టాడు.